సైకిలు, అడవి, ఆదివారం: జర్మనీ నుంచి మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో వీసా, పన్నుల సంగతులు పక్కన పెట్టి, జర్మనీలో రోజువారీ సంతోషాల గురించి అడిగిన ఐదు ఉత్తరాలు తీసుకున్నాం. ఉద్యోగమో చదువో కుదిరాక ఇల్లు, ఆఫీసు, ఇండియన్ షాపు అన్న మూడు ముక్కల్లోనే రోజులు గడిపేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మూడింటి బయట పెద్దగా డబ్బు అడగనివి, ఎవరి అనుమతీ అక్కర్లేనివి ఎన్నో ఉన్నాయి. పద్ధతి తెలియక వెనకాడుతున్నారని మీ ఉత్తరాలే చెబుతున్నాయి. అందుకే జవాబులు కాస్త వివరంగా ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లె. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు ముట్టుకుంటే ఇంట్లో ఊరుకునేవారు కాదు. ఇప్పుడు మన్‌హైమ్‌లో ఉంటున్నాం. ఇక్కడ డెబ్బై ఏళ్ల మామ్మలు కూడా బుట్టలో కూరగాయలు వేసుకుని సైకిలు మీద వెళ్లిపోతుంటే అలా చూస్తూ నిలబడిపోతాను. ఈ వయసులో నేర్చుకోగలనా? ఏ సైకిలు కొనాలి? నేను చుడీదార్లు వేసుకుంటాను. (ఒక గృహిణి, మన్‌హైమ్)

జవాబు: నేర్చుకోగలరు. అయితే వెనక ఒకరు సీటు పట్టుకుని పరుగెత్తే పద్ధతి మాత్రం వద్దు. పట్టుకున్నవాళ్ల మీదికి ఒంటి బరువు వాలిపోతుంది. వాళ్లు చెయ్యి వదలగానే పడతారు, పడ్డ భయంతో మళ్లీ ఎక్కరు. పెద్దవాళ్లకు బాగా పనిచేసే పద్ధతి పెడళ్లు తీసేసి నేర్చుకోవడం. 1817లో కార్ల్ డ్రైస్ మీ మన్‌హైమ్‌లోనే మొదటిసారి నడిపిన రెండు చక్రాల బండికి కూడా పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తంతూ వెళ్లడమే. సైకిలు పుట్టిన వరసలోనే మీరూ నేర్చుకుంటారన్నమాట.

15 నంబరు పానా తీసుకోండి. పెడలు ఇరుసు మీద పానాను నిలువుగా పైకి ఉండేలా తగిలించి, సైకిలు వెనక వైపుకి తిప్పండి. రెండు పెడళ్లూ ఇలాగే వదులవుతాయి. ఎడమ పెడలు మర ఉల్టాగా ఉంటుంది. అది తెలియక మామూలు మరలాగే తిప్పితే ఇంకా బిగుసుకుపోతుంది. తర్వాత సీటును బాగా దించండి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి.

ఇక్కడొక జాగ్రత్త. జర్మనీలో పాత సైకిళ్లకు చాలావాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. పెడళ్లు తీసేస్తే ఆ బ్రేకు లేనట్టే. కాబట్టి నేర్చుకునే రోజుల్లో హ్యాండిల్ మీద ముందుదీ వెనకదీ రెండు బ్రేకులూ ఉన్న సైకిలే వాడండి.

స్థలం చదునుగా, తారు వేసి ఉండాలి. గడ్డి మీద పడితే దెబ్బ తగలదని కొందరు అక్కడ మొదలుపెడతారు గానీ, గడ్డిలో చక్రం దొర్లదు, వేగం రాదు, వేగం లేనిదే బ్యాలెన్సు రాదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందున్న పార్కింగ్‌కు గొలుసు కట్టి లేకపోతే, నిషేధం బోర్డు లేకపోతే అది చక్కటి చోటు.

రోజుకు అరగంట చాలు. ముందు సీటు మీద కూర్చుని మామూలుగా నడవండి. తర్వాత పెద్ద పెద్ద అంగలు వెయ్యండి. ఆ పైన ఒక తోపు తోసి రెండు కాళ్లూ పైకెత్తి మూడు లెక్కపెట్టండి. అది కుదిరితే ఐదు, తర్వాత పది. చూపు ముందు చక్రం మీద కాదు, పది మీటర్ల దూరాన ఉండాలి. సైకిలు ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్ అటే కొంచెం తిప్పాలి. మనసు అటు వద్దంటుంది, చెయ్యి ఎదుటి వైపుకి లాగుతుంది. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా అక్కడే. ఒరిగిన వైపుకి తిప్పితే చక్రాలు మీ బరువు కిందికి వచ్చి సైకిలు మళ్లీ నిలుస్తుంది. ఇది ఒంటికి అలవాటయ్యేదాకా పెడళ్ల జోలికి వెళ్లకండి.

పది లెక్కపెట్టేదాకా కాళ్లు కింద పెట్టకుండా వెళ్లగలిగిన రోజున పెడళ్లు బిగించండి. వాటి మీద ఎల్, ఆర్ అక్షరాలు ఉంటాయి: ఎడమ, కుడి. మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. వంకరగా పెట్టి పానాతో బలవంతంగా బిగిస్తే మర అరిగిపోయి, పెడలు తగిలించే కడ్డీ (క్రాంకు) మొత్తం మార్చాల్సి వస్తుంది. బయల్దేరేటప్పుడు కుడి పెడలు గడియారంలో రెండు గంటల దగ్గర ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాన్ని గట్టిగా తొక్కుతూ సీటెక్కండి. ఆగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి నొక్కండి. ముందు బ్రేకు ఒక్కటే ఒక్కసారిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా పోతారు. తొక్కడం వచ్చాక సీటు పైకి లేపాలి. పెడలు అన్నిటికన్నా కిందికి వెళ్లినప్పుడు దాని మీద మడమ ఆనితే మోకాలు నిటారుగా ఉండాలి, అదీ సరైన ఎత్తు. సీటు అలాగే కిందికి వదిలేసి తొక్కితే వారం తిరక్కుండా మోకాళ్లు నొప్పులు పెడతాయి. మనవాళ్లలో ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు.

కొనేటప్పుడు అడ్డ కడ్డీ బాగా కిందికి ఉన్న రకం తీసుకోండి, కాలు ఎత్తి అవతలికి వెయ్యక్కర్లేదు. సైజుకు ఒక లెక్క ఉంది. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల సందు నుంచి నేలదాకా సెంటీమీటర్లలో కొలిచి 0.66తో గుణించండి. కొలత 72 అయితే ఫ్రేము 47, 48 ఉండాలి. చుడీదారుకు రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి చైను మొత్తాన్ని కప్పే కవరు. రెండోది వెనక చక్రానికి రెండు పక్కలా కట్టే వల, జర్మన్లు దాన్ని రాక్‌షుట్జ్ అంటారు. చున్నీని భుజాల మీద వదలకండి. అడ్డంగా వేసుకుని నడుము దగ్గర ముడి వెయ్యండి, లేదా సంచిలో పెట్టుకోండి. పుల్లల్లో చున్నీ చుట్టుకుంటే సైకిలు ఆగడమే కాదు, మెడకు బిగుసుకుంటుంది.

పాత సైకిలైతే అమ్మేవారి పేరు, తేదీ, ఫ్రేము మీద చెక్కిన నంబరు కాగితం మీద రాయించుకోండి. దొంగ సొత్తు కాదనడానికి మీ దగ్గరుండే ఆధారం అదే. బెల్లు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండు బ్రేకులు చట్టం అడిగేవి. గాలి పంపు కొనేముందు వాల్వు చూడండి. ఇక్కడ మూడు రకాలున్నాయి, ఒకదాని పంపు ఇంకోదానికి పట్టకపోవచ్చు. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది.

రోడ్డు మీద మన అలవాటుకు అడ్డం వచ్చేవి మూడు. ఇక్కడ బండ్లు నడిచేది కుడి వైపు. బోర్డుగానీ సిగ్నల్‌గానీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. నీలం గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిలు ఉంటే ఆ బాటలోనే వెళ్లాలి. ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు ఎడంగా ఉండండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ట్రాము పట్టాలను వీలైనంత అడ్డంగా దాటండి. ఏటవాలుగా వెళ్తే టైరు గాడిలో ఇరుక్కుంటుంది, వానలో మరీను. మీ వెనక కారు వస్తోందని కంగారుపడి పక్కకు ఒదిగిపోవద్దు. ఊళ్లో మిమ్మల్ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలని 2020 నుంచి చట్టంలోనే ఉంది. రోడ్డు మీద మీ చోటు మీదే.

ఒంటరిగా మొదలుపెట్టలేకపోతే ఏడీఎఫ్‌సీ అనే సైకిలు సంఘం చాలా ఊళ్లలో పెద్దవాళ్లకు తరగతులు నడుపుతుంది. అక్కడికొచ్చే వాళ్లలో మీ వయసు ఆడవాళ్లు చాలామంది ఉంటారు.

ప్రశ్న: నల్లగొండ నుంచి కొడుకు దగ్గరికి మూడు నెలలకని వచ్చిన. ఇల్లు ఫ్రైబుర్గ్‌ల అడవి అంచునే ఉంది. పొద్దుగాల నడకకు పోతే ఇక్కడోళ్లు సంచులల్ల ఆకు తెంపుకొని పోతున్నరు, ఎల్లిగడ్డ వాసనొస్తది. నేను తెంపుతనంటే కోడలు వద్దంటది, పోలీసోళ్లు పట్టుకుంటరేమో అని భయం. తెంపొచ్చునా? దాంతోని తొక్కు అయితదా? (ఒక అమ్మ, ఫ్రైబుర్గ్)

జవాబు: తెంపొచ్చమ్మా, తొక్కు కూడా బ్రహ్మాండంగా అవుతుంది. జర్మనీలో అడవిలోకి విహారానికి వెళ్లే హక్కు అందరికీ ఉంది, అది ప్రభుత్వ అడవైనా ప్రైవేటు అడవైనా. సొంత వాడకానికి కొద్దిగా ఆకు, పండు, పూలు కోసుకోవచ్చని ప్రకృతి రక్షణ చట్టమే చెబుతుంది. పక్కనున్న బవేరియా రాష్ట్రంలోనైతే అడవి పండ్లు కోసుకునే హక్కును 1946 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పౌరులకే అన్న షరతు లేదు, చుట్టపుచూపుగా వచ్చిన మీకూ ఆ హక్కుంది. ప్రకృతి రక్షిత ప్రాంతం అని బోర్డు ఉన్నచోట మాత్రం కోయకూడదు, బాట దిగకూడదు. అమ్ముకోవడానికి కోయకూడదు. గడ్డతో సహా పీకకూడదు.

మీరు చూసిన ఆకు పేరు బేర్‌లౌహ్. మార్చిలో మొదలై తెల్ల పూలు పూసేదాకా లేతగా ఉంటుంది. దీనితో ఉన్న ప్రమాదం పోలీసులు కాదు, దానిలాగే కనిపించే రెండు విషపు మొక్కలు. వాటిలో ఒకదాన్ని తిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి గుప్పెళ్లుగా కోయకుండా ఆకు ఆకూ చూసి కోయాలి. బేర్‌లౌహ్ ఆకు ప్రతిదీ తన సొంత కాడతో విడిగా నేల నుంచి లేస్తుంది, అడుగు భాగం మెరవదు. మైగ్లోక్‌షెన్ అనే మొక్కకు ఒకే కాడ మీద రెండు ఆకులు జంటగా ఉంటాయి, అడుగు భాగం మెరుస్తుంది. హెర్బ్‌స్ట్‌సైట్‌లోజ అన్నిటికన్నా ప్రమాదం. కాడలే లేకుండా దళసరి ఆకులు ఒకే మొదలు నుంచి గుంపుగా వస్తాయి. ఈ మూడూ ఒకే చోట కలిసి మొలవొచ్చు. వాసన చూసి పోల్చుకుంటామంటే కుదరదు. రెండు ఆకులు తుంచేసరికి ఆ వాసన వేళ్లకే పట్టి, తర్వాత ఏ ఆకు ముట్టుకున్నా అదే వాసన వస్తుంది. మొదటిసారి బాగా తెలిసిన స్థానికులతో వెళ్లండి. అనుమానం ఉన్న ఆకు వదిలేయండి.

తొక్కుకు వంద గ్రాముల ఆకు తీసుకుని మూడు నాలుగు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. ఆరు ఎండు మిరపకాయలు, మూడు చెంచాల పల్లీలు, అర చెంచా జీలకర్ర వేయించి, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు వేసి ముందు మెత్తగా రుబ్బండి. నాలుగు చెంచాల నూనెలో తాలింపు వేసి, ఆకు అందులో వేసి మెత్తబడేదాకా మగ్గించి, చివర్లో కలిపి రుబ్బండి. గోంగూరలాగా చాలాసేపు వేయించొద్దు, వాసనంతా పోయి పాలకూరలా మిగులుతుంది. ఎల్లిగడ్డ విడిగా వెయ్యక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగైదు రోజుల్లో తినేయండి. మన ఊరగాయలాగా బయట నిలవ ఉంటుందనుకోవద్దు.

ఆకు పచ్చిగా తినకుండా మగ్గించమనడానికి ఇంకో కారణం ఉంది. నక్కల కడుపులోని ఒకరకం పురుగు గుడ్లు ఆకుల మీద ఉండే అవకాశం ఉంది. వేడికి అవి చస్తాయి, ఇంటి ఫ్రిజ్ చలికి చావవు. జులైలో వచ్చే అడవి నీలం పండ్లను కూడా బాగా కడిగి తినండి. ఆ పొద మోకాలు ఎత్తు దాటదు, పండు లోపల కూడా నీలంగా ఉండి నాలుకకు రంగు అంటుతుంది. మనిషెత్తు మొక్కకు చెర్రీ పండంత నల్లగా నిగనిగలాడే కాయ, కింద ఐదు ఆకుల పచ్చటి తొడిమ కనిపిస్తే అది టోల్‌కిర్ష, విషం. పిల్లలకు చూపించి చెప్పండి.

పుట్టగొడుగుల జోలికి మాత్రం వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం. మన వైపు గడ్డివాముల దగ్గర మొలిచే పుట్టగొడుగు లేతగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో, ఇక్కడ ప్రాణం తీసే పుట్టగొడుగొకటి అచ్చం అలాగే ఉంటుంది. ఉడికించినా దాని విషం పోదు. వాంతులు, విరేచనాలు ఆరు గంటలు దాటాక గానీ మొదలుకావు. ఒకరోజు తగ్గినట్టే అనిపించి తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఈ పోలిక వల్లే మోసపోతున్నారు. ఏ ఆకైనా, కాయైనా తిని తేడా చేస్తే 112కు ఫోను చేసి, మిగిలిన ముక్కను పారేయకుండా వెంట తీసుకెళ్లండి.

అడవి నుంచి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర చీర కుచ్చిళ్ల కింద, జుట్టు మొదళ్లలో పిడుదులు చూసుకోండి. పట్టుకుని ఉంటే నూనె, కిరోసిన్ లాంటివి పూయొద్దు. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా, నిటారుగా లాగాలి. తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఫ్రైబుర్గ్ ఉన్న రాష్ట్రంలో పిడుదుల వల్ల వచ్చే మెదడు వాపు జబ్బు కూడా ఉంది. మీ అబ్బాయి, కోడలు ఇక్కడే ఉంటారు కాబట్టి దానికి టీకా వేయించుకోవడం మంచిది.

ప్రశ్న: ఆదివారం ఇడ్లీ పిండి రుబ్బితే కింది ఇంటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. మిక్సీ కూడా వేసుకోకూడదా? (లైప్‌జిగ్)

జవాబు: మిక్సీ వద్దని ప్రత్యేకంగా ఏ చట్టమూ లేదు. కానీ ఆదివారం విశ్రాంతి దినమన్నది 1919 నాటి రాజ్యాంగంలో రాసుకుని ఇప్పటి రాజ్యాంగంలోకి కూడా తెచ్చుకున్న మాట. ఆ రోజంతా పక్కింటికి వినపడని శబ్దమే ఉండాలి, మామూలు రోజుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. పిండి శనివారం మధ్యాహ్నం రుబ్బుకోండి. జర్మనీ చలికి పులవడానికి ఎలాగూ ఎక్కువ సమయం పడుతుంది, ఆదివారం ఉదయానికి సరిగ్గా అందుతుంది. గ్రైండరు కింద దళసరి రబ్బరు చాప వేస్తే నేలలోంచి వెళ్లే అదురు తగ్గుతుంది. కింది వాళ్లకు ఇబ్బంది మోత కన్నా ఆ అదురుతోనే. పిల్లలు ఆడుకునే చప్పుడుకు మాత్రం చట్టం బాగా చోటిస్తుంది, వాళ్లను గదిలో కట్టేసినట్టు ఉంచకండి. ఫోను మోగని, కొట్లు తెరవని ఆ రోజు మొదట్లో బోరు కొట్టినా, కొన్నాళ్లకు వారమంతా దాని కోసమే ఎదురుచూస్తారు.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు, ఈత రాదు. బెర్లిన్‌లో వేసవి వస్తే చెరువుల దగ్గర అన్ని వయసుల ఆడవాళ్లూ హాయిగా ఈదుతుంటారు. ఒళ్లు కనిపించే బట్టలు వేసుకోలేను. నాకు దారి ఉందా? (విజయవాడ నుంచి వచ్చిన పాఠకురాలు)

జవాబు: ఉంది. చేతులు, కాళ్లు కప్పే ఈత దుస్తులు దుకాణాల్లో దొరుకుతాయి, చాలా కొలనుల్లో వాటికి అభ్యంతరం లేదు. గుడ్డ ఈత కోసం చేసినదై ఉండాలన్నదే నియమం. కాటన్ నైటీ, లెగ్గింగ్ పనికిరావు. నీళ్లు పీల్చి బరువెక్కి కిందికి లాగుతాయి, కొలను వాళ్లు రానివ్వరు కూడా. కొన్ని కొలనుల్లో వారంలో కొన్ని గంటలు ఆడవాళ్లకే కేటాయిస్తారు, మీ దగ్గరి కొలనులో అడగండి. దిగేముందు సబ్బుతో స్నానం చేయాలి. లాకరుకు ఒకటి, రెండు యూరోల నాణేలు దగ్గర పెట్టుకోండి.

మొదలు ఈత రానివాళ్ల కొలనులోనే, లోతు 1.35 మీటరు మించదు. మొదటి రోజుల్లో చేతులు కాళ్లు ఆడించడం మీద ధ్యాస పెట్టకండి. గోడ పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో బుడగలు వచ్చేలా ఊపిరి వదలడం యాభైసార్లు చేయండి. పెద్దవాళ్లకు ఈత రాకపోవడానికి ముఖ్య కారణం ఊపిరి బిగపట్టడం. బిగపడితే మెడ బిగుస్తుంది, మెడ లేస్తే కాళ్లు మునుగుతాయి. తర్వాత వెల్లకిలా తేలడం, ఆ తర్వాతే ఈత. పెద్దవాళ్ల తరగతులు కొలనులే నడుపుతాయి.

పాతిక మీటర్లు ఈదగానే వచ్చేసిందనుకోవద్దు. కాంస్య బ్యాడ్జికి 15 నిమిషాలు ఈదాలి, ఆ సమయంలో కనీసం 200 మీటర్లు దాటాలి. ఆ స్థాయి వచ్చాకే చెరువులోకి వెళ్లండి. చెరువులో కూడా కాపలా ఉన్నచోటే. సగం ఎరుపు, సగం పసుపు జెండాలు కాపలా హద్దును చూపిస్తాయి. పసుపు జెండా ఎగిరితే కొత్తవాళ్లు దిగకూడదు, ఎర్ర జెండా అయితే ఎవరూ దిగకూడదు. పైన వెచ్చగా ఉన్నా ఒక మీటరు కింద నీళ్లు చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా దూకకుండా చేతులు, ఛాతీ తడుపుకుంటూ దిగండి. రైన్ లాంటి పెద్ద నదుల్లో మాత్రం ఎంత ఈత వచ్చినా దిగొద్దు. పైకి నిదానంగా కనిపించే నీటి కింద ప్రవాహం బలమైంది, పడవలు వెళ్లినప్పుడు ఒడ్డు నీటిని లోపలికి లాగేస్తాయి.

ప్రశ్న: మ్యూనిక్‌లో చదువుతున్నాను. నెలకోసారి డబ్బు కట్టి దేశమంతా స్థానిక రైళ్లు, బస్సులు ఎక్కగల డాయిచ్‌లాండ్ టికెట్‌తో ఆదివారాలు తిరగాలని ఉంది. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లకూ కొనొచ్చా? ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి? (ఒక విద్యార్థి)

జవాబు: ముందు మీ యూనివర్సిటీ సెమిస్టర్ ఫీజులో ఈ టికెట్ కలిసి ఉందేమో, విద్యార్థులకు తగ్గింపు ధర ఉందేమో చూసుకోండి. కలిసి ఉందని తెలియక విడిగా కొంటున్నవాళ్లు ఉన్నారు. అమ్మానాన్నలకు కొనొచ్చు, పౌరసత్వంతో పనిలేదు. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. ఇది నెలనెలా తనంతట తాను సాగే చందా. ఈ నెలాఖరుకు ఆగిపోవాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి. ఒక్క నెలకే అయితే ఆ 10వ తేదీ దాటకముందే కొని, కొన్న రోజే రద్దు పెట్టేయండి, ఆ నెలంతా పనిచేస్తుంది. నెల అంటే క్యాలెండరు నెల. 20న వచ్చేవాళ్లకు ఆ నెల టికెట్ కొంటే పది రోజులే దక్కుతుంది.

ఆర్‌బీ, ఆర్‌ఈ అనే ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే నగర రైళ్లు, మెట్రో, ట్రాము, బస్సు ఎక్కొచ్చు. దూరప్రయాణపు రైళ్లయిన ఐసీఈ, ఐసీ, ఈసీ ఎక్కకూడదు. పాస్‌పోర్టుగానీ నివాస కార్డుగానీ వెంట ఉండాలి. ఫోను చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోల జరిమానా రాస్తారు. తర్వాత టికెట్ చూపిస్తే సాధారణంగా 7కు తగ్గిస్తారు, అయినా ఆ తిరుగుడు ఎందుకు, పవర్‌బ్యాంకు పెట్టుకోండి.

మీ ఊరి నుంచి మొదటి ప్రయాణానికి టెగర్న్‌సే చెరువు బాగుంటుంది, రైల్లో గంట పైచిలుకు. అమ్మానాన్న కూడా సుఖంగా నడవగల చదునైన ఒడ్డు. ఆ రైలు దారిలో ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్క టెగర్న్‌సేకు, ఇంకోటి లెంగ్రీస్‌కు, మరోటి బైరిష్‌త్సెల్‌కు వెళ్తాయి. ప్లాట్‌ఫారం బోర్డు చూస్తే సరిపోదు, ఎక్కే పెట్టె మీద రాసిన ఊరు చూడాలి. కుటుంబమంతా ఒకే పెట్టెలో కూర్చోవాలి. సీటు దొరికిందని నాన్నగారు ఇంకో పెట్టెలోకి వెళ్తే ఆయన వేరే ఊళ్లో తేలతారు.

ఆదివారం దారిలో కొట్లు ఉండవు కాబట్టి పులిహోర, నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. కొన్న ప్లాస్టిక్ సీసాలు నలపకుండా వెనక్కి తెండి. మిషనులో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి, నలిగి అచ్చు చెదిరితే మిషను తీసుకోదు. దిగగానే తిరుగు రైళ్ల సమయాలు ఫోటో తీసుకోండి. పల్లెల్లో ఆదివారం చివరి బస్సు సాయంత్రం పెందలాడే వెళ్లిపోతుంది.